ఉమ్మడి వర్క్‌షాపులో చేరే కొత్త సభ్యులకు మొదటి రోజు ఏమి నేర్పాలి

ఉప్పల్ దగ్గర ఒక పాత షెడ్డును అద్దెకు తీసుకుని మిత్రులంతా కలిసి ఉమ్మడి వర్క్‌షాపు పెడుతున్నామని, అందులో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్), పిల్లర్ డ్రిల్లింగ్ మిషన్, గ్రైండర్లు, టేబుల్ సా (బల్ల మధ్యలో రంపపు బ్లేడు తిరిగే మిషన్), వెల్డింగ్ సెట్టు, లేజర్ కటింగ్ మిషన్, త్రీడీ ప్రింటర్లు, సోల్డరింగ్ బల్లలు ఉంటాయని మీరు రాశారు. చేరేవారిలో ఇంజనీరింగ్ విద్యార్థులు, ఆర్కిటెక్టులు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు ఉంటారట. వారికి మొదటి రోజు భద్రత గురించి ఏమి చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి, నియమాల కాగితం మీద సంతకం తీసుకుంటే సరిపోతుందా అన్నవి మీ ప్రశ్నలు. చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. సంతకం సరిపోదు. సంతకం పెట్టిన మనిషికి మెయిన్ స్విచ్ ఎక్కడుందో చీకట్లో కూడా తెలిసి ఉండాలి. అది తెలియకపోతే ఆ కాగితం వల్ల ఎవరి వేలూ నిలవదు.

బాలానగర్ టూల్ రూముల్లో పని నేర్చుకుని, తరువాత ఉమ్మడి వర్క్‌షాపుల్లో కొత్తవారికి శిక్షణ ఇస్తున్నవాడిగా నేను గమనించిన ముఖ్యమైన తేడా ఒకటుంది. కార్ఖానాలో ఒక టర్నర్ ఏళ్ళ తరబడి అదే లేత్ మీద పని చేస్తాడు. బేరింగు చప్పుడు కొంచెం మారినా పట్టేస్తాడు. నిన్న సాయంత్రం తాను దాన్ని ఎలా వదిలి వెళ్ళాడో పొద్దున్న అతనికి గుర్తుంటుంది. ఉమ్మడి వర్క్‌షాపులో అలా కుదరదు. మీరు ఉదయం పది గంటలకు మిషన్ దగ్గరికి వచ్చేసరికి, రాత్రి తొమ్మిదింటికి దాన్ని వదిలి వెళ్ళిన వ్యక్తి ఎవరో కూడా మీకు తెలియకపోవచ్చు. చక్‌లో (లేత్ మీద ముక్కను పట్టి ఉంచే భాగం) దాన్ని బిగించే కీ వదిలేశారేమో, కోత పనిముట్టును దానంతట అదే ముందుకు నడిపే ఆటో ఫీడ్ లీవరు వేసే ఉంచారేమో, కింద పడి బీటిచ్చిన డిస్కునే మళ్ళీ గ్రైండరుకు బిగించి పెట్టారేమో తెలియదు. అందువల్ల మీరు ఇచ్చే శిక్షణ అంతటికీ ఒకే మూలసూత్రం ఉండాలని నా అభిప్రాయం: ప్రతి సభ్యుడూ మిషన్‌ను తెలియని స్థితిలో ఉన్న వస్తువుగా భావించి అందుకోవాలి, తెలిసిన స్థితిలో వదిలి వెళ్ళాలి. నేను కింద చెప్పేవన్నీ ఆ మాట నుంచి వచ్చినవే.

2023 మార్చిలో రాయదుర్గంలో సుమారు 78,000 చదరపు అడుగుల్లో తెలంగాణ ప్రభుత్వ నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ ప్రారంభమైన తరువాత నగరంలో చాలామందికి ఇటువంటి చోట్ల మీద ఆసక్తి పెరిగింది. అయితే అంతటి సంస్థకూ, నలుగురు మిత్రులు నడిపే షెడ్డుకూ పోలిక లేదు. మీ దగ్గర ప్రతి మిషన్ పక్కనా ఒక ఆపరేటర్ నిలబడి ఉండడు కనుక, ఆ ఆపరేటర్ చూసే చూపును సభ్యుడికే అలవాటు చేయవలసి ఉంటుంది. మొదటి రోజు పరిచయానికి గంటన్నర కేటాయించండి. ఒక విడతకు ఆరుగురికి మించి తీసుకోకండి. కుర్చీల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించడం వల్ల ప్రయోజనం తక్కువ. షెడ్డంతా తిప్పి, ప్రతి వస్తువునూ వారి చేతే ముట్టించి చెప్పండి. ఆ గంటన్నరలో మిషన్లు నడపడం నేర్పకండి. అది మిషన్ వారీగా, వేరే రోజు, ఇద్దరు ముగ్గురికి మాత్రమే నేర్పవలసిన పని.

నడక గేటు దగ్గర మొదలుపెట్టండి. బయటికి వెళ్ళే దారులు రెండూ చూపించి, రెండో దారికి అడ్డంగా ప్లైవుడ్ షీట్లు ఆనించి పెట్టడం ఎందుకు నిషేధమో అక్కడే చెప్పండి. ఆ తరువాత మెయిన్ స్విచ్, డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ప్రతి మిషన్ మీద ఉన్న ఎర్ర పుట్టగొడుగు ఆకారపు ఎమర్జెన్సీ స్టాప్ చూపించి, ఒక్కొక్కరి చేత నొక్కించండి. నొక్కడం ఎంత ముఖ్యమో, అది నొక్కి ఉన్నప్పుడు కారణం తెలుసుకోకుండా తిప్పి వదలకూడదని చెప్పడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే దాన్ని నొక్కిన మనిషి ఆ మిషన్ వెనుక చెయ్యి పెట్టి ఉండవచ్చు.

కరెంటు పోవడం గురించి తప్పకుండా చెప్పండి. పని మధ్యలో కరెంటు పోగానే అందరూ ఫోన్ తీసుకుని బయటికి నడుస్తారు, గ్రైండరు స్విచ్చు మాత్రం ఆన్ స్థితిలోనే ఉండిపోతుంది. పది నిమిషాల తరువాత కరెంటు వచ్చేసరికి ఆ గ్రైండరు ఎవరూ పట్టుకోకుండానే బల్ల మీద తిరగడం మొదలుపెట్టి, ఎగిరి కింద పడుతుంది. డీఓఎల్ స్టార్టరు (పచ్చ, ఎర్ర బటన్లు ఉండే మోటారు స్విచ్చు పెట్టె) ఉన్న మోటార్లలో నో-వోల్ట్ కాయిల్ వల్ల సరఫరా పోగానే లోపలి స్విచ్చు, అంటే కాంటాక్టరు, దానంతట అదే విడిపోతుంది, మళ్ళీ పచ్చ బటన్ నొక్కితేగాని మోటారు తిరగదు. చేతి గ్రైండర్లలో, చౌకగా దొరికే డ్రిల్లింగ్ మిషన్లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు. కాబట్టి కరెంటు పోయిన క్షణంలో ఎవరి స్విచ్చు వారు ఆపి, చేతి మిషన్ అయితే ప్లగ్గు కూడా తీసిన తరువాతే కదలాలి. శిక్షణ సమయంలో మీరే ఒకసారి మెయిన్ ఆపేసి, ఎవరు ఏమి చేస్తారో చూడండి.

కరెంటు షాకు విషయంలో మనవాళ్ళలో ఒక అపోహ బలంగా ఉంది: ఎంసీబీ (ప్రవాహం మితిమీరితే లైను తెంచే స్విచ్చు) ఉంది కదా, షాకు కొడితే అదే పడిపోతుందనుకుంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైర్లు కాలిపోకుండా కాపాడేందుకు పెట్టినది. మనిషి గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు, అంత చిన్న ప్రవాహం ఆ ఎంసీబీకి తెలియనే తెలియదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు), దానితో పాటు సరైన ఎర్తింగ్. నెలకోసారి ఆర్సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కి చూసి తేదీ రాసే బాధ్యత ఒక సభ్యుడికి అప్పగించండి. వానాకాలంలో అది మాటిమాటికీ పడిపోతుంటే, దాన్ని తప్పించి డైరెక్టుగా కలపమని ఎలక్ట్రీషియన్‌ను అడిగేవారు తప్పకుండా ఉంటారు. పడిపోతున్నదంటే ఎక్కడో లీకేజీ ఉందని అర్థం; ఆ లీకేజీ దొరికేదాకా ఆ లైను మూసి ఉంచడమే పద్ధతి. ఎర్త్ పిన్ను విరిగిన ప్లగ్గు, అగ్గిపుల్లలు గుచ్చి సాకెట్లో పెట్టిన వైర్లు కనిపిస్తే అక్కడికక్కడే తీసేసే అధికారం ప్రతి సభ్యుడికీ ఇవ్వండి.

ఇక బట్టలు, ఒంటి మీద ఉండేవి. ఇక్కడే శిక్షకులు మొహమాటపడతారు, ఇక్కడే మొహమాటం పనికిరాదు. తిరిగే మిషన్ దగ్గర చున్నీ, వదులు చేతులు, మెడలో వేలాడే ఐడీ కార్డు, విప్పి ఉన్న జడ, ఉంగరం, గాజులు, చేతి గడియారం ఏవీ ఉండకూడదు. గుడిలో కట్టించుకున్న దారాలు, తాయెత్తులు, రక్షలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. తీయడానికి మనసొప్పనివారు ఆ రోజు లేత్, డ్రిల్లింగ్ మిషన్ల జోలికి వెళ్ళకుండా వేరే పని చూసుకోవచ్చు. మంగళసూత్రం మెడలో ఉన్నవారు దాన్ని లోపలికి వేసుకుని, పైన బిగుతుగా ఉండే ఏప్రాన్ కట్టుకోవాలి. హిజాబ్ ధరించేవారు కొసలు వేలాడకుండా లోపలికి దోపుకునే విధంగా కట్టుకుంటే ఇబ్బంది లేదు. కార్తీక, మార్గశిర మాసాల్లో అయ్యప్ప దీక్షలో ఉన్న సభ్యులు చెప్పులు లేకుండా వస్తారు. ముందుభాగం మూసి ఉన్న బూట్లు లేనిదే మిషన్ల వైపు రాకూడదన్న నియమం వారికి కూడా వర్తిస్తుంది. అది ఆ రోజు గేటు దగ్గర చెబితే అవమానంగా ఉంటుంది, చేరిన రోజునే చెబితే ఎవరూ నొచ్చుకోరు. దీక్షా కాలంలో వారు డిజైన్ బల్ల దగ్గర డ్రాయింగులు, కంప్యూటర్ పని చూసుకునేలా ముందే ఏర్పాటు చేయండి.

చేతి తొడుగుల గురించి కొత్తవారికి ఉండే నమ్మకం సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. తొడుగు వేసుకుంటే చేతికి రక్షణ అనుకుంటారు. డ్రిల్లు, లేత్ వంటి తిరిగే మిషన్ల దగ్గర తొడుగు పోగు ఒక్కటి బిట్టుకు చిక్కుకుంటే చాలు, చెయ్యంతా లోపలికి లాగేస్తుంది. పదునైన రేకులు మోసేటప్పుడు, వెల్డింగ్ చేసేటప్పుడు, రసాయనాలు ముట్టుకునేటప్పుడు ఆ పనికి తగిన తొడుగు ఉండాలి. డ్రిల్లింగ్ మిషన్ స్విచ్ నొక్కే ముందు అది చేతికి ఉండకూడదు. కళ్ళద్దాలకు మాత్రం ఏ మినహాయింపూ లేదు. షెడ్డులో గీసిన పసుపు గీత దాటిన ప్రతి ఒక్కరూ, పని చేస్తున్నవారైనా చూడవచ్చినవారైనా, పక్కల నుంచి కూడా మూసి ఉండే సేఫ్టీ కళ్ళద్దాలు పెట్టుకోవాలి. చూపు కోసం పెట్టుకునే మామూలు అద్దాలు వాటికి బదులు కావు.

గ్రైండరు దగ్గర మిగతా అన్నిటికంటే ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే అందరూ తమకు వచ్చు అనుకునే మిషన్ అదే. నాలుగు అంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన డిస్కు అంచు సెకనుకు 57 మీటర్ల వేగంతో, అంటే గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతూ ఉంటుంది. డిస్కు పగిలితే ముక్క ఆ వేగంతోనే వస్తుంది. కొత్త సభ్యుడి చేతికి ప్లగ్గు తీసిన గ్రైండరు ఇచ్చి ఈ వరుసలో చూడమనండి: గార్డు ఉందా, అది తనకూ డిస్కుకూ మధ్య ఉండేలా తిప్పి ఉందా, డిస్కు మీద అచ్చు వేసిన గరిష్ఠ వేగం మిషన్ వేగానికి తక్కువ కాకుండా ఉందా, డిస్కు నడుమ ఉన్న లోహపు రింగు మీద గడువు తేదీ దాటిందా. ఆ రింగు మీద సన్నగా నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయని చాలామందికి తెలియదు. డిస్కులో రాపిడి గింజలను పట్టి ఉంచే రెజిన్ కాలంతో పాటు, తేమతో పాటు బలహీనపడుతుంది కాబట్టి తయారైన మూడేళ్ళలోపు వాడాలని ఆ తేదీ వేస్తారు. రాణీగంజ్‌లో టోకున చవకగా వస్తున్నాయని డిస్కులు కొనేటప్పుడు కూడా ముందుగా చూడవలసింది ఆ రింగునే.

సన్నటి కటింగ్ డిస్కుతో పక్కవాటంగా రుద్దకూడదు. అది అంచుతో కోయడానికే తయారైనది. చెక్క కోసే పళ్ళ బ్లేడును గ్రైండరుకు బిగించడం మన వడ్రంగి షెడ్లలో నిత్యం కనిపించే దృశ్యమే అయినా మీ షెడ్డులో దాన్ని పూర్తిగా నిషేధించండి. ఆ బ్లేడు చెక్కలో ఇరుక్కున్న మరుక్షణం మిషన్ చేతిలోంచి తిరగబడి తొడ మీదికో ముఖం మీదికో వస్తుంది. బల్లకు బిగించే బెంచ్ గ్రైండరు రాయిని మార్చేటప్పుడు, బిగించే ముందు దాన్ని వేలికి వేలాడదీసి చెక్క పిడితో మెల్లగా తట్టి వినాలి. మంచి రాయి ఖంగుమంటుంది, బీటు ఉన్నది పగిలిన కుండలా పలుకుతుంది. రాయికీ, పనిముక్కను ఆనించే టూల్ రెస్టుకూ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. కొత్త డిస్కు గాని రాయి గాని బిగించాక పక్కకు తప్పుకుని ఒక నిమిషం ఖాళీగా తిప్పిన తరువాతే పని మొదలుపెట్టాలి.

లేత్ విషయంలో ఒక్క అలవాటు నేర్పితే సగం పని అయినట్టే. చక్ కీ చక్‌లో ఉన్నంతసేపు దాని మీద చెయ్యి ఉండాలి. చెయ్యి తీయవలసి వస్తే కీ కూడా చేతితో పాటు బయటికి రావాలి. స్టార్టు నొక్కే ముందు చక్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, దవడలు కోత పనిముట్టును పట్టుకునే టూల్ పోస్టుకు తగలడం లేదని చూసుకోవాలి. సుళ్ళు తిరిగి వచ్చే చిప్పులను చేత్తో లాగకూడదు, మిషన్ ఆపి కొక్కెంతో గాని బ్రష్షుతో గాని తీయాలి. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర చిన్న రేకు ముక్కను చేత్తో పట్టుకుని రంధ్రం చేయబోయేవారిని అక్కడే ఆపండి. బిట్టు రేకును అవతలికి చీల్చుకుని వెళ్ళే క్షణంలోనే అది పట్టేసి, రేకు కత్తిలా తిరుగుతుంది. ఎంత చిన్న ముక్కైనా వైస్‌లోనో క్లాంపుతోనో బిగించవలసిందే. టేబుల్ సా ఎవరికీ ఒంటరిగా ఇవ్వకండి. బ్లేడు వెనుక ఉండే రైవింగ్ నైఫ్ అనే లోహపు రేకు తీసేసిన టేబుల్ సాను అసలు నడపనివ్వకండి. కోసిన చెక్క మూసుకుని బ్లేడు వెనుక అంచును పట్టుకుంటే పలక వెనక్కి తన్ని మనిషి పొట్టలో గుచ్చుకుంటుంది.

లేజర్ మిషన్ చూడటానికి ప్రింటరులా ఉంటుంది, చుట్టూ మూత ఉంటుంది, శబ్దం తక్కువ. కుర్రవాళ్ళు దాన్ని ఆటవస్తువులా చూడటానికి అదే కారణం. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణం 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంలో ఉంటుంది కనుక కంటికి కనిపించదు, మూతకు ఉండే యాక్రిలిక్ పలక దాన్ని ఆపుతుంది. మూత తెరిస్తే కిరణం ఆగిపోయేలా ఉండే ఇంటర్‌లాక్ స్విచ్చుకు అయస్కాంతం అతికించి మోసం చేసే విద్య ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అలా చేసిన సభ్యుడి సభ్యత్వం ఆ రోజే రద్దవుతుందని ముందే రాసి పెట్టండి. దీనికంటే తరచుగా ఎదురయ్యే సమస్య పదార్థాలది. విద్యార్థులు రెక్సిన్, ఫ్లెక్స్, వినైల్ స్టిక్కర్ షీట్లు, సన్‌బోర్డ్ తెచ్చి కోసి పెట్టమంటారు. రెక్సిన్, ఫ్లెక్స్, వినైల్ పీవీసీ పదార్థాలు. సన్‌బోర్డ్ పేరుతో అమ్మేది కూడా చాలాసార్లు పీవీసీ ఫోమ్ షీటే. పీవీసీని లేజరుతో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది తేమతో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లమై ఊపిరితిత్తులను గాయపరుస్తుంది, మిషన్ పట్టాలను తుప్పు పట్టిస్తుంది, అద్దాలను పాడుచేస్తుంది.

షీటు ఏమిటో తెలియనప్పుడు ఒక పాత పరీక్ష ఉంది. దాన్ని శిక్షణలో చేసి చూపించండి, ఎవరూ మరచిపోరు. గాలి బాగా ఆడే ఆరుబయట, ఒక రాగి తీగను పట్టుకారుతో పట్టుకుని మంటలో ఎర్రగా కాల్చి, అనుమానంగా ఉన్న ప్లాస్టిక్‌కు ఆనించి, అంటుకున్న కాస్త పదార్థంతో మళ్ళీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ వంటి హాలోజన్ ఉన్నట్టు, ఆ షీటు లేజర్ గదిలోకి రాకూడదు. మంట ఆకుపచ్చగా మారనంత మాత్రాన ప్రతి ప్లాస్టిక్కూ పనికొస్తుందని కాదు; పాలీకార్బొనేట్ సరిగా తెగక పసుపు పచ్చగా మాడి మంట పట్టుకుంటుంది. అనుమతించిన పదార్థాల పట్టిక మిషన్ మూత మీదే అంటించి, పట్టికలో లేనిది నిర్వాహకులను అడగకుండా పెట్టరాదని చెప్పండి. యాక్రిలిక్ కూడా నిటారుగా మంట లేపగలదు కాబట్టి కిరణం తిరుగుతున్నంతసేపు మిషన్ ముందు నుంచి కదలకూడదు. టీ తాగడానికి వెళ్ళాలంటే పాజ్ చేసి వెళ్ళాలి. పొగ లాగే ఫ్యాను ఆన్ అయిందని చెవితో విని, బయటి గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఆ తరువాతే స్టార్టు నొక్కాలి.

లోపల మంట లేస్తే ముందు స్టాప్ నొక్కి, గాలి కొట్టే పంపు ఆపాలి. మంట ఆరనప్పుడు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడాలి. ఏబీసీ పొడి కూడా మంటను ఆర్పుతుంది గాని లెన్సు, ఎలక్ట్రానిక్స్ ఆ పొడితో పాడవుతాయి. అయితే మనిషికి ముప్పు ఉన్నప్పుడు మిషన్ గురించి ఆలోచించకుండా చేతికి అందిన సిలిండరు వాడమని స్పష్టంగా చెప్పండి. పొడి సిలిండరు మీద పీడనం చూపే ముల్లు ఆకుపచ్చ గుర్తులో ఉందా లేదా చూడటం, పిన్ను లాగి మంట మొదలును గురిపెట్టడం ప్రతి ఒక్కరి చేతా చేయించాలి. కాలం చెల్లి రీఫిల్లింగుకు పంపబోయే సిలిండర్లను పారేయకుండా శిక్షణకు వాడుకోవచ్చు.

త్రీడీ ప్రింటర్లలో ఫిలమెంటు (ప్లాస్టిక్ తీగను కరిగించి వాడే) రకాలకు కాలిన వేళ్ళ గురించి చెబితే చాలు. రెజిన్ (జిగురు ద్రవాన్ని కాంతితో గట్టిపరిచే) రకాలకు మాత్రం నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. గట్టిపడని రెజిన్ చర్మానికి పదేపదే తగిలితే ఎలర్జీ పుడుతుంది, ఒకసారి పుట్టిన ఎలర్జీ జీవితాంతం ఉండిపోవచ్చు. ఆ ముక్కలు కడగడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు అంటుకోగల కనీస ఉష్ణోగ్రత, దాదాపు 12 డిగ్రీలు. మన గదుల్లో ఉష్ణోగ్రత ఇంచుమించు ఏడాదంతా దానికి పైనే ఉంటుంది కాబట్టి, మూత తెరిచి పెట్టిన డబ్బా పక్కన ఒక నిప్పురవ్వ చాలు. అందుకే వెల్డింగ్, గ్రైండింగ్ ఒక మూల, రసాయనాలు దానికి ఎదురు మూల ఉండాలి. దసరాకు ఆయుధపూజ చేసుకోవడం మన సంప్రదాయం, మిషన్లను ఏడాదికి ఒకసారైనా తుడిచి శుభ్రం చేసే రోజు అది, తప్పకుండా చేసుకోండి. కర్పూరం, దీపాలు మాత్రం థిన్నరు డబ్బాలకూ చెక్కపొట్టుకూ దూరంగా పెట్టండి, కట్టిన పూలమాలలు, దారాలు అన్నీ తీసేసిన తరువాతే మిషన్ స్విచ్ వేయండి. అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి కనుక, వాటిని విప్పి ఆరవేయాలి లేదా నీళ్ళు పోసిన మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకంగా గుర్తించింది. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) కోసేవారికి ఎన్95 మాస్కు, పొడి లాగే యంత్రం రెండూ ఉండాలి.

బ్యాటరీలకు ఒక ప్రత్యేక నియమం పెట్టండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి భవనం కింది భాగంలో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటల పొగ మెట్ల దారిన పైకి పాకి ఎనిమిది మంది చనిపోయిన సంగతి నగరంలో అందరికీ గుర్తుంది. మీ సభ్యులు కోఠి గుజరాతీ గల్లీలో కొన్న లిథియం సెల్స్‌తో, పాత లాప్‌టాప్ ప్యాకుల నుంచి విప్పిన సెల్స్‌తో ప్రాజెక్టులు చేస్తారు. మనిషి దగ్గర లేకుండా ఛార్జింగ్ పెట్టకూడదు, రాత్రంతా అసలే పెట్టకూడదు, ఉబ్బిన సెల్‌ను షెడ్డులో ఉంచకూడదు. ఛార్జింగ్ బల్ల బయటికి వెళ్ళే దారికి దగ్గరగా కాక, దూరంగా, ఎండ పడని చోట, సిమెంటు పలక మీద ఉండాలి.

ప్రథమ చికిత్స భాగాన్ని చాలామంది చివరి ఐదు నిమిషాల్లో ముగిస్తారు. దానికి పావుగంట ఇవ్వండి. కాలిన చోట పసుపు, టూత్‌పేస్టు, సిరా పెట్టే అలవాటు చదువుకున్నవారిలో కూడా ఉంది. కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచడం తప్ప అక్కడ మనం చేయవలసింది ఇంకేమీ లేదు. వేలు తెగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి ఉంచాలి. తెగిన భాగాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరబడని కవరులో పెట్టి, ఆ కవరును ఐసు నీళ్ళలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నేరుగా ఐసులో వేస్తే కణజాలం చచ్చిపోతుంది. షాకు తగిలి వైరుకు అంటుకుపోయిన మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. వెల్డింగ్ వెలుగు చూసినవారికి అప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటల తరువాత, తరచుగా అర్ధరాత్రి, కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది. ఆలుగడ్డ ముక్కలు, చనుబాల చుక్కలు వేసే గృహవైద్యం జోలికి పోకుండా కంటి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలని చెప్పండి. కంట్లో ఇనుప రజను పడినా అంతే, నలపకూడదు, తోటివారి చేత రుమాలు కొసతో తీయించుకోకూడదు.

మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అందరికీ తెలిసినవే, కానీ సాయంత్రం ఆరు గంటలకు ఉప్పల్ నుంచి అక్కడికి చేరడం ఎంతసేపో మీకు తెలుసు. కాబట్టి షెడ్డుకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో రాత్రి వేళ కంటి వైద్యుడు, చేతి శస్త్రచికిత్స చేసే వైద్యుడు దొరుకుతారో ఈ వారమే వెళ్ళి కనుక్కుని గోడ మీద రాయండి. 108కి ఫోన్ చేసినవారు చిరునామా తడుముకోకుండా చెప్పేందుకు, దగ్గరలోని మెట్రో పిల్లర్ నంబరు, అక్కడి నుంచి ఏ సందులోకి తిరగాలో పెద్ద అక్షరాలతో ఫోన్ పక్కనే ఉండాలి. ఒకరు ఫోన్ చేస్తుంటే మరొకరు మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళి అంబులెన్సును తీసుకురావాలి.

ఒంటరిగా పని చేయడం గురించి మిషన్లకు మూడు రంగులు పెట్టండి. పచ్చ చీటీ ఉన్నవి, అంటే సోల్డరింగ్, ఫిలమెంటు ప్రింటరు, చేతి పనిముట్లు, పరిచయం అయిన రోజు నుంచే వాడుకోవచ్చు. పసుపు చీటీ ఉన్నవి శిక్షణ పొందినవారే వాడాలి. ఎరుపు చీటీ ఉన్న లేత్, టేబుల్ సా, గ్రైండరు, వెల్డింగ్ సెట్టు శిక్షణ పొందినవారు కూడా షెడ్డులో ఇంకొక మనిషి మాట వినిపించేంత దూరంలో ఉన్నప్పుడే వాడాలి. విద్యార్థులు ప్రాజెక్టు గడువు ముంచుకొచ్చి రాత్రి పదకొండు గంటలకు గ్రైండరు తాళం అడుగుతారు. ఇవ్వకండి. నిద్రలేని కళ్ళతో, రేపటి వైవా భయంతో ఉన్న పిల్లవాడికి ఆ తాళం ఇవ్వకపోవడం కఠినత్వం అనిపించుకోదు.

మిషన్‌లో ఏ తేడా కనిపించినా, ఆ మూడు రంగులతో సంబంధం లేని వేరే చీటీ మీద తేదీ, తేడా, తన పేరు రాసి స్విచ్చుకు కట్టి, ప్లగ్గు తీసేయడం ప్రతి సభ్యుడి హక్కు. ఆ చీటీని కట్టినవారు గాని, మరమ్మతు చేసినవారు గాని తప్ప ఇంకెవరూ విప్పకూడదు. త్రుటిలో తప్పిన ప్రమాదాలను రాయడానికి గేటు దగ్గర ఒక పుస్తకం పెట్టండి. రాసినవారిని మందలించకండి, జరిమానా వేయకండి, నలుగురిలో పేరెత్తకండి. జరిమానా వేస్తే విరిగిన బిట్టు చెత్తబుట్టలో దాక్కుంటుంది, వంగిన స్పిండిల్ మాత్రం తరువాత వచ్చేవారి కోసం మిషన్‌లోనే ఉంటుంది. నెలకోసారి ఆ పుస్తకం తెరిచి, ఒకే మిషన్ పేరు రెండుసార్లు కనిపిస్తే దాని గార్డునో, స్విచ్చునో, శిక్షణనో మార్చండి.

పరీక్ష కాగితం మీద వద్దు. ప్రతి మిషన్ శిక్షణ ముగిశాక మీరే ఆ మిషన్‌లో మూడు లోపాలు పెట్టి, ఉదాహరణకు చక్‌లో కీ వదిలి, గార్డు వదులు చేసి, ఫీడ్ లీవరు వేసి, ప్లగ్గు తీసి, సభ్యుడిని పిలిచి వెతకమనండి. మూడూ కనిపెట్టినవారికే అనుమతి ఇవ్వండి, ఒకటి తప్పినా వారం తరువాత మళ్ళీ రమ్మనండి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉందని చెప్పే పెద్దలకు కూడా ఇదే వర్తించాలి. "పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాను గాని, మా లేత్ బ్రేకు మీకు అలవాటైన దానిలా పని చేయదు, ఒకసారి చూడండి సార్" అంటే ఎవరూ కాదనరు. ఆరు నెలలు ఒక మిషన్ ముట్టుకోనివారి అనుమతి దానంతట అదే ఆగిపోయేలా రిజిస్టరు పెట్టండి. ఇక మీరు అడిగిన సంతకం కాగితం: దాన్ని ఒక పేజీకి కుదించి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, రక్తం గ్రూపు, ఉన్న ఎలర్జీలు, మూర్ఛ లేదా గుండె జబ్బు వంటివి, వాడుతున్న మందులు, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి అన్న వివరాలు దాని వెనుక రాయించి, ఆ కాగితాలను బీరువాలో కాకుండా ప్రథమ చికిత్స పెట్టెతో పాటు, సభ్యులందరికీ అందే చోట, మూసిన కవర్లలో ఉంచండి.